ఒక్క అక్షరం వెంటపడి చూడు, కంప్యూటర్ అర్థమవుతుంది

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. కంప్యూటర్ పరీక్షల్లో మంచి మార్కులే వస్తాయి. సీపీయూ, ర్యామ్, రోమ్, ల్యాన్, వ్యాన్ ఏది అడిగినా ఫుల్ ఫామ్‌తో సహా గడగడా చెప్పేస్తాను. కానీ ఈమధ్య మా ఇంట్లో కంప్యూటర్ బాగా స్లో అయింది. ‘నువ్వు చదువుతున్నావు కదా, ఎందుకో చూడమ్మా’ అని నాన్న అడిగితే నీళ్లు నమిలాను. ఇంకో సమస్య ఏంటంటే, ఒక్కోసారి వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, అయినా ఒక్క పేజీ కూడా తెరుచుకోదు. ర్యామ్ వేయిస్తే చాలని ఒకరు, కొత్తది కొనాల్సిందేనని ఇంకొకరు అంటున్నారు. సీపీయూ విప్పి చూస్తానంటే పాడు చేస్తానని అమ్మ భయపడుతోంది. అసలు నాకు కంప్యూటర్ వచ్చినట్టా, రానట్టా? హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్, నెట్‌వర్కింగ్ మూడూ విడివిడిగా నేర్చుకోవాలా? ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని

సమాధానం: అమ్మా, ముందు నీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. అది తేలితే మిగతావి సులువవుతాయి. మూడింటినీ విడివిడిగా నేర్చుకోకు. పుస్తకంలో మూడు పాఠాలుగా ఉన్నాయి కాబట్టి అవి మూడు వేరువేరు సంగతులని అనిపిస్తుంది. కంప్యూటర్ లోపల అలాంటి గోడలు లేవు. నువ్వు ఒక మీట నొక్కి ఒక అక్షరం స్నేహితురాలికి పంపావంటే, ఆ చిన్న పనిలోనే మూడూ వచ్చేస్తాయి. కాబట్టి ఒక అక్షరాన్ని పట్టుకుని, అది పుట్టిన చోటు నుంచి చేరిన చోటు దాకా దాని వెంటే వెళ్లు. అడుగడుగునా ‘ఇప్పుడు ఇది ఎక్కడుంది?’ అని అడుగు. అన్ని ఫుల్ ఫామ్‌లు కంఠతా వచ్చినా నాన్నకు జవాబు చెప్పలేకపోయావంటే, ఈ ప్రశ్న అడిగే అలవాటు నీకెవరూ చేయించలేదు, అంతే.

‘అ’ తీసుకుందాం. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో షిఫ్ట్ పట్టుకుని ‘డి’ మీట నొక్కితే ‘అ’ వస్తుంది. నొక్కగానే కీబోర్డు కంప్యూటర్‌కి ఏం పంపుతుంది? ‘అ’ పంపదు. ఇంగ్లీషు ‘డి’ కూడా పంపదు. యూఎస్‌బీ కీబోర్డయితే 7 అనే అంకె పంపుతుంది. ‘ఏ’ మీటకు 4, ‘బి’కి 5, ‘సి’కి 6, ‘డి’కి 7 అని ముందే పెట్టుకున్న నంబర్లు అవి. షిఫ్ట్ కూడా నొక్కి ఉందని దానితో పాటు ఇంకో చిన్న కబురు వెళ్తుంది. కీబోర్డు పని అక్కడితో సరి. దానికి తెలుగూ తెలియదు, ఇంగ్లీషూ తెలియదు. ఆ 7ని ‘డి’ అనుకోవాలా ‘అ’ అనుకోవాలా అన్నది విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ తేలుస్తుంది. నువ్వు ఏ భాష ఎంచుకున్నావో దానికే తెలుసు.

హార్డ్‌వేర్ ఎక్కడ ఆగిందో, సాఫ్ట్‌వేర్ ఎక్కడ అందుకుందో చూశావా? ‘ముట్టుకోగలిగేది హార్డ్‌వేర్, ముట్టుకోలేనిది సాఫ్ట్‌వేర్’ అని చదువుకుని ఉంటావు. పరీక్షలో ఆ జవాబే రాయి, తప్పేం లేదు. కానీ ఒక మీట నొక్కితే ఇంకేదో అక్షరం పడుతున్నప్పుడు ఆ నిర్వచనం నీకు అక్కరకు రాదు. మీట నుంచి నంబరు వచ్చింది, దాన్ని వేరే అక్షరంగా అనుకున్నారు అని తెలిస్తే నేరుగా భాష సెట్టింగుకి వెళ్తావు. అసలు ఏ అక్షరమూ పడకపోతే తెర మీద వచ్చే ఆన్‌స్క్రీన్ కీబోర్డు తెరిచి, మౌస్‌తో అదే మీట నొక్కు. దాంతో అక్షరం పడిందంటే సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది, చేతి కింద ఉన్న కీబోర్డులోనో దాని వైరులోనో లోపం. ఒక్క నిమిషంలో సగం అనుమానం తీరిపోతుంది. కంప్యూటర్ బాగుచేసేవాళ్లు రోజంతా చేసే పని ఇదే. లోపం ఇటువైపు ఉందా, అటువైపు ఉందా అని తేల్చుకుంటూ పోతారు.

సరే, ఇప్పుడు ‘అ’ ఎక్కడుంది? అది 3077 అనే సంఖ్యగా మారి ర్యామ్‌లో కూర్చుంది. ప్రపంచంలో వాడుకలో ఉన్న దాదాపు లిపులన్నిటికీ ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఇచ్చిన పట్టికను యూనికోడ్ అంటారు. అందులో 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలు తెలుగువి. ఇంగ్లీషు పెద్ద ‘ఏ’ సంఖ్య 65. కంప్యూటర్‌కి అక్షరం ఆకారంతో పనిలేదు, ఈ సంఖ్యతోనే పని. తెర మీద గీసి చూపించాల్సి వచ్చినప్పుడు మాత్రం ఫాంట్ తెరిచి, 3077కి ఏ బొమ్మ ఉందో చూసి గీస్తుంది. ఎవరైనా పంపిన మెసేజ్‌లో తెలుగు బదులు ఖాళీ డబ్బాలు కనిపించాయనుకో, అక్షరాలు దారిలో పోయాయని కంగారుపడకు. సంఖ్యలు క్షేమంగానే వచ్చి ఉంటాయి, వాటిని గీయడానికి సరైన ఫాంట్ ఆ మెషీన్‌లో లేదు. ఫాంట్ వేస్తే అదే మెసేజ్ చక్కగా కనిపిస్తుంది.

ర్యామ్ గురించి ‘తాత్కాలిక మెమరీ’ అని రాస్తావు కదా. ఎంత తాత్కాలికమో ఎప్పుడైనా ఆలోచించావా? ర్యామ్‌లో ఒక్కో బిట్‌ని, అంటే ఒక్కో 0 లేదా 1ని, ఒక అతి చిన్న కెపాసిటర్‌లో కొద్దిపాటి విద్యుత్తుగా దాస్తారు. అది నిలవదు, కారిపోతూనే ఉంటుంది. అందుకని మామూలు ర్యామ్‌లో సుమారు ప్రతి 64 మిల్లీసెకన్లకు ఒకసారి మొత్తం చదివి మళ్లీ నింపుతూ ఉంటారు. అంటే నువ్వు టైప్ చేసిన ‘అ’ కరెంటు ఉండగా కూడా సెకనుకు పదిహేను సార్లు కొత్తగా రాయించుకుంటేనే బతికి ఉంటుంది. కరెంటు పోతే ఆ నింపేవాళ్లు ఉండరు కాబట్టి అక్షరమూ ఉండదు. నాకు ఈ విషయం ఎన్నిసార్లు తలచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది. ఇది తెలిశాక ‘వోలటైల్’ అన్న మాట బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

సేవ్ నొక్కావంటే ‘అ’ ర్యామ్ నుంచి హార్డ్ డిస్క్‌కో ఎస్ఎస్‌డీకో కాపీ అవుతుంది. ఇది ఇవాళే చేసి చూడు. నోట్‌ప్యాడ్‌లో ఒక ఫైలు తెరిచి ఇంగ్లీషు ‘ఏ’ ఒక్కటే కొట్టి సేవ్ చెయ్యి. ఇంకో ఫైల్లో తెలుగు ‘అ’ ఒక్కటే పెట్టి, ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకుని సేవ్ చెయ్యి. రెండిటి మీదా రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సైజు చూడు. మొదటిది 1 బైట్, రెండోది 3 బైట్లు. 3077 అంత పెద్ద సంఖ్య ఒక్క బైట్‌లో పట్టదు. బైట్‌కి 8 బిట్లు, దాంతో 0 నుంచి 255 దాకానే రాయగలం. అందుకే యూటీఎఫ్-8 పద్ధతి ‘అ’ని 224, 176, 133 అనే మూడు బైట్లుగా విడగొట్టి దాస్తుంది. పాత విండోస్ అయితే ఫైలు మొదట్లో ఇంకో 3 బైట్ల గుర్తు కలుపుతుంది, అప్పుడు 6 కనిపిస్తుంది. బిట్, బైట్ లెక్కలు పుస్తకంలో ఎన్ని చేసినా, ఈ రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు కలిగే నమ్మకం వేరు.

ఒక మాట. విండోస్ 11లో కొత్త నోట్‌ప్యాడ్ నువ్వు సేవ్ చేయకపోయినా తనంతట తాను డిస్క్‌లో ఒక కాపీ దాచుకుంటుంది. మూసి మళ్లీ తెరిస్తే అక్షరాలు అలాగే ఉంటాయి. అది చూసి ర్యామ్ గుర్తుపెట్టుకుందని అనుకోవద్దు. ఎవరో డిస్క్‌లో రాశారు కాబట్టే ఉంది.

ఇక మీ కంప్యూటర్ స్లో అయిన సంగతి. ర్యామ్‌కీ డిస్క్‌కీ వేగంలో ఎంత తేడా ఉందో తెలిస్తే ఇందులో సగం నీకే అర్థమవుతుంది. హార్డ్ డిస్క్‌లో గుండ్రటి పళ్లేలు తిరుగుతుంటాయి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్ అనుకుందాం, అంటే సెకనుకు 120. ఒక్క చుట్టుకి 8 మిల్లీసెకన్ల పైచిలుకు. కావలసిన చోటు, డిస్క్‌ని చదివే తల కిందికి వచ్చేదాకా సగటున అర చుట్టు ఆగాలి, అంటే దాదాపు 4 మిల్లీసెకన్లు. మనకు అది లెక్కలోకి రాదు. కానీ 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి సెకనుకు 300 కోట్ల టిక్కులు. ఆ 4 మిల్లీసెకన్లలో కోటికి పైగా టిక్కులు గడిచిపోతాయి. అంత వేగం ఉన్న ప్రాసెసర్‌ని ఒక పళ్లెం అర చుట్టు తిరిగేదాకా కూర్చోబెడుతున్నామన్నమాట. ఎస్ఎస్‌డీలో తిరిగేది ఏమీ లేదు, అంతా చిప్పులే. పాత కంప్యూటర్లలో హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టగానే కొత్తదిలా పరిగెత్తడానికి కారణం అదే.

ఇప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ వస్తుంది. కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే చూడొద్దు, అప్పుడు అన్నీ హడావిడిగానే ఉంటాయి. పది నిమిషాలు ఆగి, మీ ఇంట్లో మామూలుగా వాడే ప్రోగ్రామ్‌లు తెరిచాక చూడు. సీపీయూ, మెమరీ, డిస్క్ అని పైన శాతాలు ఉంటాయి. వీటిలో మెమరీ అంటే ర్యామే.

మెమరీ 90 దాటి, డిస్క్ కూడా 100 దగ్గర అతుక్కుపోయి ఉంటే సమస్య ర్యామ్‌దే అయ్యే అవకాశం ఎక్కువ. రెండూ కలిసి ఎందుకు పెరుగుతాయో గమనించు. ర్యామ్ నిండిపోతే ఆపరేటింగ్ సిస్టమ్ ఊరుకోదు, ప్రస్తుతం వాడని వాటిని తీసి డిస్క్‌లో పెట్టి చోటు చేస్తుంది. నువ్వు మళ్లీ ఆ విండో మీద నొక్కగానే డిస్క్ నుంచి వెనక్కి తేవాలి. ఇందాక చెప్పిన అర చుట్టు నిరీక్షణ వేలసార్లు మొదలవుతుంది. చూసేవాళ్లకి డిస్క్ చెడిపోయినట్టు కనిపిస్తుంది, అసలు కొరత ర్యామ్‌లో ఉంటుంది. ర్యామ్ వేయించమన్నవాళ్లు ఈ సందర్భంలో సరిగ్గానే చెప్పారు. అయితే ముందు బ్రౌజర్‌లో తెరిచి వదిలేసిన ట్యాబ్‌లు, కంప్యూటర్‌తో పాటు తమంతట తాము మొదలయ్యే ప్రోగ్రామ్‌లు తగ్గించి చూడండి. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ అనే చోట వాటి జాబితా ఉంటుంది. ఖర్చు లేకుండానే తీరిపోవచ్చు.

మెమరీ సగం కూడా నిండకుండా డిస్క్ మాత్రం ఎప్పుడూ 100 దగ్గరే ఉంటే, ర్యామ్ ఎంత పోసినా ఫలితం అంతంత మాత్రమే. అక్కడ ఎస్ఎస్‌డీ వేయించడం తెలివైన పని. డిస్క్ నుంచి టక్ టక్ మని శబ్దం వస్తుంటే మాత్రం వేగం సంగతి తర్వాత, ముందు ఫొటోలు, కాగితాలు అన్నీ వేరే చోటికి కాపీ చేసుకోవాలి. అది చెడిపోబోతోందనడానికి గుర్తు. సీపీయూ ఎక్కువసేపు 100 దగ్గర ఉంటే ఆ నిలువు వరస పేరు మీద నొక్కు, ఎక్కువ వాడుతున్న ప్రోగ్రామ్ పైకి వస్తుంది. పేరు తెలియని ప్రోగ్రామ్ అయితే యాంటీవైరస్‌తో స్కాన్ చేయించు. ఫ్యాన్ గట్టిగా అరుస్తూ, కాసేపు వాడాకే స్లో అవుతుంటే దుమ్ము అనుమానించు. బాగా వేడెక్కితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది.

వీటిలో ఏదీ ‘కొత్తది కొనండి’ అని మొదటి మాటగా చెప్పడం లేదు, చూశావా? ఆ మూడు శాతాలు చదవకుండా ఎవరైనా కొత్తది కొనాలని చెబితే నాకు కోపం వస్తుంది. ఇంట్లో డబ్బు ఊరికే రాదు.

ర్యామ్ కొనేముందు ఒక జాగ్రత్త. ర్యామ్‌లో డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అని రకాలుంటాయి, ఒకదాని చోట ఒకటి పట్టవు. అడుగున ఉండే గాడి ఒక్కోదానికి ఒక్కో చోట ఉంటుంది. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది, కొన్ని ల్యాప్‌టాప్‌లలో బోర్డుకే అతికించేసి ఉంటుంది, పెంచడం కుదరదు. టాస్క్ మేనేజర్‌లో పర్‌ఫార్మెన్స్ కింద మెమరీ నొక్కితే ఎన్ని స్లాట్లు ఉన్నాయో, ఎన్ని వాడారో కూడా చూపిస్తుంది. అక్కడే డిస్క్ నొక్కితే కొత్త విండోస్‌లలో హార్డ్ డిస్కో ఎస్ఎస్‌డీయో రాసి ఉంటుంది. 500 జీబీ డిస్క్ విండోస్‌లో 465గా కనిపిస్తే ఎవరూ మోసం చేసినట్టు కాదు. తయారీదారులు 1000 చొప్పున లెక్కేస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది.

మళ్లీ మన ‘అ’ దగ్గరికి వద్దాం. ఇప్పుడు దాన్ని స్నేహితురాలికి పంపావు. ఆ మూడు బైట్లు ఒంటరిగా బయల్దేరవు. ఎక్కణ్నుంచి వస్తున్నాయి, ఎక్కడికి వెళ్లాలి అనే ఐపీ అడ్రస్‌లు తగిలించుకుని ఒక ప్యాకెట్‌గా వెళ్తాయి. మామూలు నెట్‌వర్క్‌లలో ఒక్కో ప్యాకెట్‌లో 1500 బైట్లకు మించి పట్టవు. అక్షరం ఒక్క ప్యాకెట్‌లో వెళ్లిపోతుంది, ఫొటో అయితే వందలూ వేలూ కావాలి. దారిలో ప్రతి రూటర్ ఆ అడ్రస్ చూసి ‘నా తర్వాత ఇటు’ అని తోస్తుంది, మొత్తం దారి ఏ ఒక్క రూటర్‌కీ తెలియదు. ప్యాకెట్ అందిందని అవతలి నుంచి కబురు రాకపోతే పంపినవాళ్లు మళ్లీ పంపుతారు. ఈ బాధ్యత టీసీపీ అనే పద్ధతిది. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో దీన్ని రాశారు. 1983 జనవరి 1 నుంచి, ఇంటర్నెట్‌కి మూలమైన ఆర్పానెట్ అనే అప్పటి నెట్‌వర్క్ మొత్తం దీనికి మారింది.

ఆ ఆర్పానెట్ మీద మొట్టమొదటి సందేశం కూడా అక్షరం అక్షరంగానే వెళ్లింది. 1969 అక్టోబర్ 29న లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ నుంచి స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కి ‘లాగిన్’ అన్న మాట పంపాలనుకున్నారు. ‘ఎల్’ వెళ్లింది, ‘ఓ’ వెళ్లింది, ఆ వెంటనే అవతలి కంప్యూటర్ ఆగిపోయింది. ఇటువాళ్లూ అటువాళ్లూ ఫోన్‌లో ఉండి ‘ఎల్ వచ్చిందా? ఓ వచ్చిందా?’ అని అడుగుతూ చేశారు. ఏ అక్షరం దాకా చేరిందో తెలుసు కాబట్టి ఎక్కడ తెగిందో పట్టుకోగలిగారు. తర్వాత సరిచేసి అదే రాత్రి లాగిన్ అయ్యారు. నీ వైఫై సమస్యకు కూడా ఇదే పద్ధతి.

వైఫై గుర్తు నిండుగా ఉందంటే దాని అర్థం ఒక్కటే. నీ కంప్యూటర్‌కీ ఇంట్లోని రూటర్‌కీ మధ్య రేడియో సిగ్నల్ బాగుంది. రూటర్ అవతల ఇంటర్నెట్ ఉందో లేదో ఆ గీతలకు సంబంధం లేదు. చాలామంది పెద్దవాళ్లు కూడా ఇక్కడే పొరబడతారు. ఈసారి నెట్ పోయినప్పుడు ముందు ఇంకో ఫోన్‌లో అదే వైఫైతో చూడు. ఫోన్ డేటా ఆపేయడం మర్చిపోకు, లేకపోతే మొబైల్ డేటాతో పేజీ తెరుచుకుని నిన్ను తప్పుదారి పట్టిస్తుంది. ఫోన్‌లో వస్తే సమస్య నీ కంప్యూటర్‌లో ఉంది. ఫోన్‌లోనూ రాకపోతే రూటర్‌లోనో అవతలో ఉంది.

తర్వాత కమాండ్ ప్రాంప్ట్, అంటే ఆదేశాలు టైప్ చేసే విండో తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ అని ఇంగ్లీషులో ఒకే పదంగా కొట్టు. నీ ఐపీ అడ్రస్, డీఫాల్ట్ గేట్‌వే కనిపిస్తాయి. గేట్‌వే అంటే మీ రూటరే. అడ్రస్ 192.168తో మొదలైతే సాధారణంగా ఇంటి రూటర్ ఇచ్చినదే. 169.254తో మొదలైతే రూటర్ నుంచి అడ్రస్ రాలేదని, కంప్యూటరే తోచినది పెట్టుకుందని అర్థం. అలాంటప్పుడు వైఫై ఆపి మళ్లీ కలుపు, లేదా రూటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యి.

అడ్రస్ బాగానే ఉంటే ‘పింగ్’ అని కొట్టి, ఖాళీ వదిలి, గేట్‌వే అడ్రస్ ఇవ్వు. కంప్యూటర్ నాలుగు చిన్న ప్యాకెట్లు పంపి జవాబు కోసం చూస్తుంది. జవాబు వస్తే ఇంట్లో దారి బాగుంది. తర్వాత ‘పింగ్ 8.8.8.8’ కొట్టు. అది గూగుల్ నడిపే ఒక సర్వర్ అడ్రస్, గుర్తుపెట్టుకోవడం సులువు. జవాబు వచ్చిందంటే నీ ప్యాకెట్ ఇల్లు దాటి వెళ్లి తిరిగొచ్చినట్టే. గేట్‌వే పలికి, ఇది పలకకపోతే తెగింది బయట, కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయాలి. ఆ ఫోన్‌లో ‘రూటర్ దాకా పింగ్ వెళ్తోంది, బయటికి వెళ్లడం లేదు’ అని చెప్పు, పని త్వరగా అవుతుంది. కొన్ని స్కూళ్లు, ఆఫీసుల నెట్‌వర్క్‌లలో పింగ్‌ని కావాలనే ఆపేస్తారు కాబట్టి అక్కడ ఈ పరీక్షను నమ్మలేం. ఇంట్లో మాత్రం బాగా పనికొస్తుంది.

జవాబు వచ్చిన వరసని ఒకసారి శ్రద్ధగా చదువు. ‘టైమ్’ పక్కన 20 ఎంఎస్ అని ఉంటే వెళ్లి రావడానికి 20 మిల్లీసెకన్లు పట్టిందని. దూరదేశపు సర్వర్‌కి పింగ్ చేస్తే ఇది 200 కూడా దాటొచ్చు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 10,000 కిలోమీటర్ల దూరానికి ఒకవైపే 50 మిల్లీసెకన్లు. ఎంత పెద్ద ప్లాన్ తీసుకున్నా అందులో ఒక్కటి కూడా తగ్గదు. ‘టీటీఎల్’ అని ఇంకో సంఖ్య ఉంటుంది. ప్రతి రూటర్ దాన్ని ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయితే ప్యాకెట్‌ని పారేస్తుంది. దారి తప్పిన ప్యాకెట్లు నెట్‌వర్క్‌లో కలకాలం తిరుగుతూ ఉండకుండా చేసిన ఏర్పాటు అది. ఎవరు ఆలోచించారో గానీ, ఎంత చక్కని ఆలోచన!

ఇక అన్నిటికంటే చిత్రమైన సందర్భం ఒకటుంది. 8.8.8.8 పలుకుతుంది, అయినా బ్రౌజర్‌లో ఏ పేజీ రాదు. అప్పుడు ఒక వెబ్‌సైట్ పేరుతో పింగ్ చేసి చూడు. ఆ పేరు దొరకలేదని వస్తే, చెడింది డీఎన్ఎస్. మనం పేర్లు కొడతాం, ప్యాకెట్లకు కావలసింది ఐపీ అడ్రస్. పేరిస్తే అడ్రస్ చెప్పే ఏర్పాటే డీఎన్ఎస్, 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించాడు. దారి అంతా బాగుండి ఈ ఒక్కటి ఆగినా, చూసేవాళ్లకు నెట్ మొత్తం పోయినట్టే ఉంటుంది. నువ్వు రాసిన లక్షణాలకు ఇది కూడా సరిపోతుంది, అందుకే ఇంత వివరంగా చెప్పాను. నెట్‌వర్క్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ సర్వర్‌గా 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ పెడితే చాలాసార్లు సరిపోతుంది. ముందు అక్కడున్న పాత వివరాలు కాగితం మీద రాసుకుని మార్చు.

నెట్ స్పీడ్ చూసేటప్పుడు ఇందాకటి బిట్, బైట్ మళ్లీ వస్తాయి. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు బ్రౌజర్ చూపించేది మెగాబైట్లలో. 8తో భాగిస్తే 12.5 వస్తుంది, అంతకు మించి రాదు. స్పీడ్ తక్కువ ఇస్తున్నారని గొడవకు దిగేముందు ఈ భాగహారం చెయ్యి. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ దగ్గర్లో వేగంగా ఉంటుంది గానీ గోడలు దాటేసరికి బాగా బలహీనపడుతుంది, 2.4 నెమ్మదైనా దూరం వెళ్తుంది.

బ్రౌజర్‌లో తాళం గుర్తు గురించి నువ్వు అడగలేదు, అయినా నీ వయసు వాళ్లకి చెప్పకుండా ఉండలేను. ఆ గుర్తు ఉంటే నీకూ ఆ సర్వర్‌కీ మధ్య దారిలో ఎవరూ చదవలేరని అర్థం. అవతల కూర్చున్నవాళ్లు మంచివాళ్లని అర్థం కాదు. దొంగ సైటుకి కూడా తాళం గుర్తు ఉంటుంది. పాస్‌వర్డ్ ఇచ్చేముందు అడ్రస్‌లో పేరు అక్షరం అక్షరం చదువు.

కోడింగ్ ఎప్పుడు మొదలుపెట్టాలని చాలామంది అడుగుతుంటారు. ఎప్పుడైనా సరే, పైథాన్‌తో మొదలుపెట్టొచ్చు. మొదటి ప్రోగ్రామ్‌గా, అక్షరం ఇస్తే దాని యూనికోడ్ సంఖ్య చెప్పేది రాయి. ‘అ’ ఇస్తే 3077 రావాలి. కంప్యూటర్ ఖాళీ లేనప్పుడు ఫోన్ తీసుకో, అదీ పూర్తి కంప్యూటరే. 8 జీబీ, 128 జీబీ అని రాసి ఉంటే మొదటిది ర్యామ్, రెండోది స్టోరేజ్. ఫొటోలు నిండి ఇబ్బంది పెట్టేది రెండోదాన్ని.

చివరగా విప్పే సంగతి. అమ్మ భయం అర్థం చేసుకోదగిందే, కానీ విప్పి చూడటం నువ్వు తప్పకుండా చేయాలి. మొదటిసారి నాన్నని పక్కన కూర్చోబెట్టుకో. అందరూ సీపీయూ అనే ఆ పెట్టె పేరు కేబినెట్, అసలు సీపీయూ లోపల ఫ్యాన్ కింద దాక్కున్న చిన్న చిప్పు. షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని వదులు. బోర్డు ముట్టుకునే ముందు కేబినెట్ లోహపు భాగాన్ని ముట్టుకో, ఒంట్లో చేరిన స్టాటిక్ విద్యుత్తు పోతుంది. ఏదీ పీకే ముందు ఫొటో తీసుకో. ర్యామ్ కర్రను బంగారు రంగు అంచు దగ్గర కాకుండా పక్కల నుంచి పట్టుకో. కరెంటు వైరు వచ్చి చేరే లోహపు డబ్బా, అంటే ఎస్ఎంపీఎస్, దాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే ఆన్ చేయకుండా, గుచ్చకుండా, నొక్కకుండా తెలిసినవాళ్లకు అప్పగించండి.

కొత్తది కొనాలా, ఉన్నదాన్నే బాగుచేయించాలా అన్నది కచ్చితంగా చెప్పాలంటే నాకు కొన్ని వివరాలు కావాలి. పది నిమిషాలు వాడాక టాస్క్ మేనేజర్‌లో సీపీయూ, మెమరీ, డిస్క్ శాతాలు ఎంతెంత ఉన్నాయి, ర్యామ్ ఎన్ని జీబీ, ఏ రకం, ఎన్ని స్లాట్లు ఖాళీ, ఉన్నది హార్డ్ డిస్కా ఎస్ఎస్‌డీయా. నెట్ పోయినప్పుడు మూడు పింగ్‌లలో ఏది పలికిందో, ఏది పలకలేదో కూడా. రాసి పంపు, చూసి చెబుతాను. రాసేలోపే జవాబు నీకే దొరికితే, అది నాన్నకు చెప్పు.